పేజీకి ఎనిమిది రూపాయలు

హేమాద్రన్న అక్షరం ఎడమకి వాలుతుంది.
కస్తూరక్కది గుండ్రం, సున్నా చుట్టి మూయకుండా వదిలేస్తుంది.
ఇంకొకాయనది, పేరెందుకు, సర్కారు నౌకరీలో ఉండాడు,
తలకట్లన్నీ గాలికి లేచిన రేకుల్లా ఉంటాయి.
మూడు దస్తూరీలూ ఈ ఒక్క చేతివే.
భవానీనగర్‌లో మేడమీద గది,
రాత్రి పదకొండు దాటితే
నేను నీలావతిని కాను.

బి.ఇడి రికార్డు పేజీకి ఎనిమిది,
బొమ్మ ఉంటే పన్నెండు.
ఎన్నడూ చూడని బడిలో ఎన్నడూ చెప్పని పాఠాలు.
‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని
ఇప్పటికి నలభైసార్లు రాసుంటా.
ఆ పిల్లోళ్ళకి పేర్లు పెట్టింది కూడా నేనే.
ఒకడికి మాత్రం ప్రతి పాఠానికీ జ్వరం రప్పిస్తా,
ఊరికే.

కిందింట్లో దోసెపిండి గ్రైండరు ఆగినాక
నా పని తీస్తా.
పీజీ వెబ్ ఆప్షన్లు, శుక్రవారం ఆఖరు.
మొదటి గడిలో కెమిస్ట్రీ పెట్టా, తీసేశా.
తెలుగు పెట్టా, మా కెమిస్ట్రీ మేడం మొహం కనబడి
అదీ తీసేశా.
ఫర్జానా ఈ గడుల జోలికే పోలేదు.
తెల్లారి నాలుగున్నరకి లీలామహల్ సర్కిల్లో కంపెనీ బస్సు,
సెల్‌ఫోన్లకి వెనకమూత బిగించే పని,
పద్నాలుగు వేలు, ఒకపూట అన్నం.
‘ఇంకా ఆలోచిస్తానే ఉండావా మే’ అంటుంది నిద్రలో.
వేళ్ళు దుప్పటిమీద ఏదో బిగిస్తా ఉంటాయి.

పోయిన ఆదివారం పాకాలకి పోయినా.
అమ్మ గోదాములో చింతపిక్కలు తీస్తా ఉంది,
ఆమెకి కిలో లెక్క, నాకు పేజీ లెక్క.
ఏం చదవమంటావు మా అంటే
సుత్తి ఆపలేదు.
‘నాకు తెలిసిందంతా పులుపే.
నేనేం చెప్పినా పుల్లగానే ఉంటాది.
నువ్వే చూసుకో.’
వద్దని ఉంటే కొట్లాడి ఉండేదాన్ని.
ఇది చదువు అని ఉంటే చదివి,
రేపు ఏదన్నా అయితే తప్పు ఆమెమీద వేసి ఉండేదాన్ని.
రెండు దారులూ మూసేసి
మళ్ళీ పిక్క కొట్టుకుంది.
తిరుగు రైల్లో కిటికీ సీటు దొరికింది,
బయటికి ఒక్కసారీ చూడలేదు.

హేమాద్రన్న రికార్డులో చివరి అంశం:
‘నేను ఉపాధ్యాయ వృత్తిని ఎందుకు ఎంచుకున్నాను?’
రెండు పేజీలు.
ఆయనకి పీలేరులో సిమెంటు అంగడి.
ఎందుకన్నా అని ఫోన్ చేస్తే
‘ఏదో ఒకటి రాసెయ్ మే, బస్తాలు దించతా ఉండారు’ అన్నాడు.

ఏదో ఒకటి రాద్దామనే కూర్చున్నా.
ఆరో తరగతిలో భిన్నాలు రాక
బోర్డు ముందర నిలబడిపోతే
మా చెంగల్రాయులు అయ్యవారు
సుద్దముక్క రెండుగా తుంచి ఒకటి నా చేతిలో పెట్టి
‘నాకూ అనుమానంగానే ఉంది, ఇద్దరం చేద్దాం పట్టు’ అన్నాడు.
ఆయనకి ఏ అనుమానమూ లేదు.
ఆ సంగతి నాకు తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది,
ఇదిగో, ఈ వాక్యం రాస్తా ఉంటే.

రెండో పేజీ సగంలో చూసుకుంటే
అక్షరాలు వాలడం మానేసి ఉండాయి.
నా దస్తూరీ.

బస్టాండులో హేమాద్రన్న కట్ట విప్పి లెక్కపెట్టాడు.
‘రెండు తక్కువ వస్తా ఉండాయే.’
రేపు ఇస్తాన్నా, పదహారు పట్టుకో.
‘ఏం, తప్పులు పోయినాయా?’
లేదన్నా, నా సామాను కలిసిపోయింది దాంట్లో.
ఆయనకేం అర్థమైందో,
మొత్తం డబ్బులూ ఇచ్చి చెరుకురసం తాగి పోయినాడు.

రాత్రికి ఆయనకి కొత్తగా రాసిచ్చా:
సమాజసేవ, దేశభవిష్యత్తు, జ్ఞానజ్యోతి,
పదహారు రూపాయలకి సరిపడా.

శుక్రవారానికి ఇంకా రెండు రోజులు.
గడి ఖాళీగానే ఉంది.
బి.ఇడికి ఎంట్రన్సు వేరంట, గడువు దాటిందో ఏమో,
పొద్దున కనుక్కోవాలి.
కస్తూరక్క రికార్డు ఇంకా నలభై పేజీలు మిగిలింది.
సున్నాలు మూయకుండా మొదలుపెట్టా.
ఈ పాఠానికి
ఆ జ్వరం పిల్లోడు బడికొచ్చినాడు.
ఆఖరి బెంచీలో కూర్చోనుండాడు,
ఇంకా ఏమీ అడగలేదు.